మీ అనుభవం పక్క క్లాసు టీచరుకి అందాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు టీచర్ల దగ్గర్నుంచే. బాగా అనుభవం ఉన్న టీచర్లు తోటి టీచర్ల కోసం రాసే ట్రైనింగ్ మెటీరియల్, అంటే మాడ్యూళ్ళు, హ్యాండ్‌బుక్‌లు, వర్క్‌షాప్ నోట్సు లాంటివి, వాటి గురించి రాసేవాళ్ళూ అడిగారు, చదివేవాళ్ళూ అడిగారు. నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి కొన్ని జవాబులు పొడుగ్గానే ఉంటాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: ఇరవై ఏళ్ళు దాటింది నేను లెక్కలు చెప్పబట్టి. కొత్త టీచర్లకి పనికొచ్చేలా ఒక ట్రైనింగ్ బుక్‌లెట్ రాసివ్వమని మా స్కూల్లో అడిగారు. తీరా రాయడానికి కూర్చుంటే ఓపిగ్గా చెప్పాలి, ఉదాహరణలు ఇవ్వాలి, వెనకబడినవాళ్ళని పట్టించుకోవాలి, ఇలాంటి మాటలే వస్తున్నాయి. ఇన్నేళ్ళలో నాకు తెలిసింది ఇంతేనా అని బాధగా ఉంది.

జవాబు: మేడమ్, ముందు ఆ బాధ పక్కన పెట్టండి. మీకు తెలిసింది ఇంతే అయితే ఇన్నేళ్ళు మీ క్లాసు నడిచేదే కాదు. ఏ పనైనా ఏళ్ళ తరబడి చేస్తే అందులో మనం తీసుకునే నిర్ణయాలు మనకే కనపడకుండా పోతాయి. ఒక అబ్బాయి నోట్‌బుక్ మీద పెన్ను పెట్టి ఆగిపోయాడు, మీరు బోర్డు దగ్గర్నుంచే అది గమనించారు, తర్వాత ఇద్దామనుకున్న లెక్క ఆపేసి ఇంకోటి ఇచ్చారు, ఇదంతా రెండు మూడు సెకన్ల పని, సాయంత్రం ఎవరైనా అడిగితే మీకు గుర్తు కూడా ఉండదు. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్ళకి నేర్చుకునేవాళ్ళ కష్టం ఆనకపోవడాన్ని పరిశోధకులు ఎక్స్‌పర్ట్ బ్లైండ్ స్పాట్ అంటారు. నేథన్, పెట్రొసినో అనే ఇద్దరు 2003లో టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళ మీద ఒక స్టడీ వేశారు, అందులో లెక్కలు ఎక్కువ చదివినవాళ్ళే పిల్లలకి మాటల్లో ఇచ్చిన లెక్క కంటే ఈక్వేషన్ సులువు అనుకున్నారు, ఆల్జీబ్రా మొదలుపెట్టిన పిల్లల పేపర్లు చూస్తేనేమో చాలాసార్లు దానికి తిరగబడి ఉంటుంది.

అందుకని ఒక్కరే కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయకండి. సర్వీసులో కొత్తగా చేరిన ఒక టీచర్ని మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చోమనండి, మీరు ఏం చెప్పారో రాసుకోవద్దని చెప్పండి, మీరు ఎక్కడ ఆగారో, ఎక్కడ దారి మార్చారో, ఎవర్ని లేపారో, ఎవర్ని కావాలనే లేపలేదో అదొక్కటే రాసుకోమనండి. పీరియడ్ అయిపోగానే, మర్చిపోకముందే, ఒక్కో చోట ఎందుకలా చేశారు మేడమ్ అని అడగమనండి. మీరు చెప్పే జవాబులే మీ బుక్‌లెట్. ఎవరూ దొరక్కపోతే మీ గొంతు మీరే ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, కాస్త తక్కువే గానీ అదీ పనిచేస్తుంది.

ఇక ఏం రాయాలి అంటే, లీ షుల్మన్ అనే విద్యా పరిశోధకుడు 1986లో ఒక మాట తెచ్చాడు, పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని. సబ్జెక్టు తెలియడం ఒకటి, క్లాసు నడపడం తెలియడం ఒకటి, ఈ రెండూ కాకుండా ఫలానా పాఠంలో పిల్లలు ఎక్కడ పడతారు, ఎందుకు పడతారు, ఏం చూపిస్తే లేస్తారు అన్న తెలివిడి ఇంకొకటి. అనుభవం ఉన్నవాళ్ళ దగ్గర ఉండే అసలు సొత్తు ఈ మూడోది. మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దది అంటాడు పిల్లవాడు, ఎందుకంటే మూడు కంటే నాలుగు పెద్దది కదా. 0.8 కంటే 0.35 పెద్దది అంటుంది ఇంకో అమ్మాయి, 8 కంటే 35 పెద్దది కాబట్టి. వీళ్ళు అజాగ్రత్తగా చెప్పలేదు, పూర్ణ సంఖ్యల్లో అప్పటిదాకా పనిచేసిన రూలే ఇక్కడికీ తెచ్చుకున్నారు. ఈ పొరపాటు బయటపడేలా మీరు ఏ ప్రశ్న అడుగుతారు, వచ్చిన జవాబుని బట్టి తర్వాత ఏం చేస్తారు, మీరు మొదట్లో వాడి తర్వాత మానేసిన పద్ధతి ఏది, ఎందుకు మానేశారు, ఇవి రాయండి. ఓపిగ్గా చెప్పాలి అన్న వాక్యం ఎవరైనా రాస్తారు, ఇవి మీరు మాత్రమే రాయగలరు.

ప్రశ్న: టీచర్ల కోసం రాసే మెటీరియల్‌లో మంచి పేజీ అంటే ఎలా ఉండాలి? ఒక ఉదాహరణ ఇచ్చి చెప్పగలరా?

జవాబు: తప్పకుండా. అందరికీ తెలిసినదాన్నే తీసుకుందాం, ప్రశ్న అడిగాక పిల్లలకి ఆలోచించుకునే టైమ్ ఇవ్వడం. మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్స్ క్లాసుల టేపులు వినీ వినీ 1974లో రాసిన సంగతి ఇది, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగుతున్నారంతే, ఈలోపు జవాబు రాకపోతే ప్రశ్న మార్చేస్తున్నారు, ఇంకొకర్ని లేపుతున్నారు, లేదా తామే చెప్పేస్తున్నారు. అదే కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా చెప్తున్నారు, తెలీదు అనడం తగ్గుతోంది, పిల్లలు తిరిగి ప్రశ్నలు అడగడం పెరుగుతోంది.

మామూలు మాడ్యూల్‌లో దీన్ని ఒక్క లైన్లో రాసేస్తారు, ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగండి అని. చదివినవాళ్ళు తల ఊపి పేజీ తిప్పేస్తారు, మర్నాడు క్లాసులో మళ్ళీ అదే ఒక సెకను. ఎందుకంటే ఆ లైన్ కొత్త టీచర్ని క్లాసు మధ్యలో వదిలేసింది.

అదే పేజీని చేయి తిరిగిన టీచర్ రాస్తే ముందు ఎప్పుడు ఆగాలో చెప్తుంది. ఇది ఏ రంగు అనే ప్రశ్నకి మూడు సెకన్లు అక్కర్లేదు, ఇలా ఎందుకు జరిగింది, ఇది మార్చితే ఏమవుతుంది లాంటివాటికి కావాలి. తర్వాత ఆ మూడు సెకన్లలో టీచర్ ఏం చెయ్యాలి? మనసులో లెక్కపెట్టుకోవాలి, ప్రశ్నని మళ్ళీ చెప్పకూడదు, మాటలు మార్చి చెప్పకూడదు, ఎందుకంటే ఆలోచిస్తున్న పిల్లలకి మళ్ళీ వినడం మొదలుపెట్టాల్సి వస్తుంది. ముందు బెంచీలో చురుకైన అమ్మాయి ఆగలేక జవాబు అరిచేస్తే ఏం చెయ్యాలి? ప్రశ్న అడగడానికి ముందే చెప్పేయాలి, నేను పేరు పిలిచేదాకా ఎవరూ చెప్పొద్దు, అందరూ ఆలోచించండి అని, అప్పటికీ అరిస్తే మెచ్చుకోకుండా తిట్టకుండా అలాగే ఆగి ఇంకొకర్ని పిలవాలి. మొదటి వారం క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, చాలా ఇబ్బందిగా ఉంటుంది, పిల్లలు టీచరుకి ఏమైంది అన్నట్టు చూస్తారు, అది మామూలే, ఈ పద్ధతి పనిచెయ్యట్లేదని అర్థం కాదు అని ఆ పేజీలో రాసి ఉండాలి. ఇది లేకపోవడం వల్లే చాలామంది రెండో రోజుకే వదిలేస్తారు.

ఇంకోటి ఉంది, ఇది చాలా మెటీరియల్‌లో ఉండనే ఉండదు. రో చెప్పిన ఆగడం రెండు చోట్ల, ప్రశ్న అడిగాక ఒకసారి, పిల్లలు జవాబు చెప్పాక ఇంకోసారి. జవాబు రాగానే వెరీ గుడ్ అనేస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది, ఆ రెండో చోట కూడా ఆగితే చెప్పిన పిల్లవాడే ఇంకొంచెం కలుపుతాడు, పక్కవాడు కాదు సార్ అంటాడు. అలాగే ఎప్పుడు పనిచెయ్యదో కూడా రాయాలి, పిల్లలకి ఆ పాఠం అసలు తెలియకపోతే ఎన్ని సెకన్లు ఆగినా ఏం రాదు, అప్పుడు ఆపి మళ్ళీ చెప్పడమే. చివరికి ఇద్దరు టీచర్లు స్టాఫ్ రూమ్‌లో ఒకరు టీచరుగా ఒకరు అరిచే పిల్లగా పది నిమిషాలు ప్రాక్టీస్ చేసుకోవడానికి రెండు మూడు ప్రశ్నలు ఇవ్వాలి. ఇదంతా కలిపితే ఒకటిన్నర పేజీ. దీనికి పది స్లైడ్లు అక్కర్లేదు.

ప్రశ్న: నేను హెచ్‌ఎంని. పోయిన టర్మ్‌లో మంచి పేరున్న రిసోర్స్ పర్సన్‌ని పిలిచి ఒక రోజు వర్క్‌షాప్ పెట్టించాను. మెటీరియల్ బాగుంది, అందరూ మెచ్చుకున్నారు కూడా. నెల తిరిగేసరికి ఎవరి క్లాసులో ఏ మార్పూ లేదు. టీచర్లకి ఆసక్తి లేదనుకోవాలా?

జవాబు: అలా అనుకోకండి సార్, ఒక్క రోజు ట్రైనింగ్ నుంచి మార్పు ఆశించడమే కష్టం. యూన్ అనే పరిశోధకుడు ఇంకొందరితో కలిసి 2007లో ట్రైనింగ్‌కీ పిల్లల ఫలితాలకీ లింకు చెప్పే స్టడీలు 1,300 పైగా జల్లెడ పడితే గట్టి ప్రమాణాలకి నిలబడినవి 9 మాత్రమే, వాటిలో కూడా 14 గంటలకి మించి సాగిన ట్రైనింగ్‌లలోనే పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించింది. అలాగని గంటలు పెంచేస్తే చాలనుకోకూడదు, 9 స్టడీలు అంటే చిన్న లెక్కే, కానీ వచ్చి చెప్పి వెళ్ళిపోవడం సరిపోదన్నది మాత్రం చాలా మంది చాలా చోట్ల చూసిన సంగతే. టీచర్ ట్రైనింగ్ మీద పనిచేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980 నుంచీ చెప్పింది అదే, విషయం చెప్పాలి, చేసి చూపించాలి, టీచర్లతో చేయించాలి, చేసినదాని మీద ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి, ఆ తర్వాత వాళ్ళ వాళ్ళ క్లాసుల్లో అలవాటయ్యేదాకా పక్కన ఒకరు ఉండాలి. మీ వర్క్‌షాప్‌లో మొదటి రెండూ జరిగి ఉంటాయి, కష్టమైన మిగతా మూడూ టీచర్ల ఖాళీ టైమ్‌కి వదిలేసి ఉంటారు, ఆ ఖాళీ టైమేమో సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లకి పోయి ఉంటుంది.

ఇంకో విషయం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. టీచర్లని ముందు ఒప్పించాలి, నమ్మకం కలిగించాలి, అప్పుడు మారతారు అని మనం అనుకుంటాం, అందుకే వర్క్‌షాప్‌లో సగం టైమ్ ఉపన్యాసానికి పోతుంది. థామస్ గస్కీ అనే విద్యా పరిశోధకుడు 1986లో దీన్ని తిప్పి చూపించాడు, టీచర్ ముందు కొత్త పద్ధతి చేసి చూస్తుంది, తన పిల్లల్లో తేడా తన కళ్ళతో చూస్తుంది, నమ్మకం ఆ తర్వాత వస్తుంది. అందుకని రాసేవాళ్ళు మొదటి పేజీల్లో వాదన తగ్గించి, ఈ వారమే చేసి చూడగలిగే చిన్న పని ఒకటి ఇవ్వాలి, దాని ఫలితం కళ్ళకి కనపడేది అయ్యుండాలి. మీ వైపు నుంచి అయితే ఈ టర్మ్‌కి ఒక్క అంశమే తీసుకోండి, రెండు వారాలకి ఒకసారి టైమ్ టేబుల్‌లోనే అరగంట కేటాయించండి, ఆ అరగంటలో కొత్త విషయం ఏమీ చెప్పనివ్వకండి, ఏం చేశారు, ఎక్కడ ఆగింది అన్నదే మాట్లాడుకోవాలి. ఈ టైమ్ ఇవ్వగలిగింది మీరొక్కరే, మెటీరియల్ ఎంత బాగా రాసినా ఆ పని చెయ్యలేదు.

ప్రశ్న: నేను చేరి మూడేళ్ళే అయింది. మాకు వచ్చే మాడ్యూళ్ళు చాలావరకు క్లాసు వదిలేసి చాన్నాళ్ళయినవాళ్ళు రాసినవి. నలభై మంది ఉన్న నా క్లాసులో అందులోవి సగం కుదరవు. వీటిని ఎంతవరకు నమ్మాలి?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. అనుభవం అంటే గడిచిన ఏళ్ళ లెక్క మాత్రమే కాదు, రాసినవాళ్ళు ఈమధ్య పిల్లల ముందు నిలబడ్డారా లేదా అన్నది చాలా తేడా చేస్తుంది. ఏదైనా మాడ్యూల్ చేతికొస్తే నేనైతే ముందు ఒకటి వెతుకుతా, ఇది ఎక్కడ ఫెయిల్ అవుతుందో రాశారా అని. ఎంతమంది ఉన్న క్లాసులో చేశారు, ఎంత టైమ్ పట్టింది, పిల్లలు ఏం చేస్తే దారి తప్పింది, ఇవి ఉంటే రాసినవాళ్ళు నిజంగా చేసి చూశారని అర్థం. అంతా సాఫీగా సాగినట్టే ఉంటే మాత్రం జాగ్రత్త.

అలాగని నా క్లాసుకి కుదరదు అని మొత్తం పక్కన పెట్టేయకండమ్మా. ప్రతి పద్ధతిలో మార్చకూడనిది ఒకటి ఉంటుంది, మార్చుకోదగ్గవి చాలా ఉంటాయి. ఇందాకటి ఉదాహరణలో ఆగడం, ఆ టైమ్‌లో అందరూ ఆలోచించడం, ఇవి మార్చకూడనివి, పేర్లు పిలుస్తారా, పలకల మీద రాయిస్తారా, పక్కవాళ్ళతో మాట్లాడనిస్తారా అన్నది మీ ఇష్టం. మంచి రచయిత ఈ రెండూ విడదీసి చెప్పాలి, చెప్పకపోతే టీచర్లు సులువైనది ఉంచుకుని అసలైనది వదిలేసే ప్రమాదం ఉంది.

మీకు ఇంకో మాట చెప్పాలి. రాయడం సీనియర్ల హక్కేమీ కాదు. జపాన్‌లో లెసన్ స్టడీ అని ఎప్పట్నుంచో ఉంది, కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం ప్లాన్ చేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్ళు క్లాసులో ఉండి టీచర్ని వదిలేసి పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో గమనిస్తారు, తర్వాత కూర్చుని మాట్లాడుకుని రిపోర్టు రాస్తారు. అందులో కొత్తవాళ్ళూ ఉంటారు, పాతవాళ్ళూ ఉంటారు. మీ నలభై మంది క్లాసులో ఏది కుదరలేదో, ఎందుకు కుదరలేదో ఒక పేజీ రాసి ఆ మాడ్యూల్ రాసినవాళ్ళకే పంపండి. వాళ్ళకి అంతకంటే పనికొచ్చే కాగితం ఇంకోటి రాదు.

ప్రశ్న: చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది అనే పిరమిడ్ బొమ్మ, పిల్లల లెర్నింగ్ స్టైల్స్ చార్టు, ఈ రెండూ నేను రాస్తున్న మాడ్యూల్‌లో పెట్టొచ్చా? ప్రతి ట్రైనింగ్‌లోనూ చూస్తున్నాను.

జవాబు: రెండూ తీసేయండి, దయచేసి. ఆ పిరమిడ్‌కి మూలం అని చెప్పుకునేది ఎడ్గార్ డేల్ అనే విద్యావేత్త 1946లో వేసిన కోన్ బొమ్మ, అందులో అసలు శాతాలే లేవు, అది అనుభవాలని వరసగా పేర్చిన బొమ్మ అంతే, నంబర్లు తర్వాత ఎవరో అతికించారు, పదికి పది చొప్పున అంత చక్కగా పెరిగే లెక్కలు నిజం స్టడీలో రావు కూడా. ఇక లెర్నింగ్ స్టైల్స్, అంటే చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం అని పిల్లల్ని విడదీయడం, దాని సంగతి, పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు 2008లో ఉన్న పరిశోధనంతా చూసి, స్టైల్‌కి తగ్గట్టు చెప్తే బాగా నేర్చుకుంటారు అనడానికి సరైన ఆధారం దాదాపు లేదని తేల్చారు. దీనివల్ల నష్టం ఏంటంటే, నువ్వు విని నేర్చుకునే రకం అని ఒక పిల్లకి ముద్ర వేసేస్తాం, ఆ అమ్మాయి బొమ్మలు చూడ్డం మానేస్తుంది. మీ పేరు మీద వెళ్ళే పేజీని టీచర్లు నమ్ముతారు, ఆ నమ్మకం చాలా విలువైనది, ప్రతి అంకెకీ అది ఎక్కడిదో మీరు వెతికి చూసుకున్నాకే ముద్రించండి.

ప్రశ్న: ఉదాహరణ కోసం మా పిల్లల నోట్‌బుక్ పేజీలు, ఇంకొకరి వర్క్‌షీట్లు వాడుకోవచ్చా?

జవాబు: పిల్లల రాత వాడటం చాలా మంచిది, నిజం పొరపాటుకి మనం కల్పించిన పొరపాటు సాటి రాదు. కానీ తల్లిదండ్రుల్నీ స్కూల్నీ అడిగి, పేరు, క్లాసు, స్కూలు గుర్తులు తీసేసి వాడండి, ఫొటోలో మొహం పడకూడదు. చేతిరాత బట్టి గుర్తుపట్టేంత చిన్న స్కూలైతే మళ్ళీ రాయించి పెట్టండి. ఇంకొకరి వర్క్‌షీట్ నెట్‌లో ఫ్రీగా దొరికినంత మాత్రాన మనది అయిపోదు, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్, అంటే ఏ షరతులతో వాడుకోవచ్చో రాసినవాళ్ళే ముందుగా చెప్పే అనుమతి, ఉంటే అందులో ఏం రాసి ఉందో చదవండి, కొన్నిటిలో మార్చకూడదని, కొన్నిటిలో అమ్మకూడదని ఉంటుంది. లైసెన్స్ ఏమీ లేకపోతే అడిగి వాడటమే.

ప్రశ్న: మా మాడ్యూల్‌కి ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ ఐదుకి ఐదు ఇచ్చారు. ఇది సరిపోతుందా?

జవాబు: సంతోషమే, కానీ సరిపోదు. ఇందాక చెప్పిన గస్కీయే 2000లో ఐదు మెట్లు చెప్పాడు, వచ్చినవాళ్ళకి నచ్చిందా, నేర్చుకున్నారా, చేసుకోవడానికి స్కూలు వీలు కల్పించిందా, క్లాసులో నిజంగా వాడుతున్నారా, పిల్లలకి మేలు జరిగిందా. మీ ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మీరు రాయడం మొదలుపెట్టేటప్పుడే ఐదో మెట్టు నుంచి వెనక్కి రండి, పిల్లలు ఏం చెయ్యగలగాలి, దానికి టీచర్ ఏం చెయ్యాలి, దానికి స్కూలు ఏం ఇవ్వాలి అని. ఆరు వారాల తర్వాత నలుగురైదుగురు టీచర్ల క్లాసులకి వెళ్ళి కూర్చోండి, వాళ్ళ పిల్లల చేత మాడ్యూల్‌కి సంబంధించిన రెండు ప్రశ్నలు రాయించి ఆ కాగితాలు మీరే చదవండి. మూడో మెట్టుని మాత్రం దాటెయ్యకండి, చాలా మంచి మాడ్యూళ్ళు అక్కడే ఆగిపోతాయి, టీచర్లు చేద్దామనే అనుకుంటారు, సిలబస్ వెనకబడింది అన్న మాటతో ఆపేస్తారు.

ప్రశ్న: ప్రింట్‌కి ఇచ్చే ముందు నా మాడ్యూల్‌ని ముగ్గురు జూనియర్లు వాళ్ళ క్లాసుల్లో చేసి చూసి చాలా మార్పులు చెప్పారు. వాళ్ళ పేర్లు లోపల వెయ్యాలా, థాంక్స్ అని ఒక లైన్ చాలా?

జవాబు: వాళ్ళని అడిగి, ఒప్పుకుంటే పేర్లు వెయ్యండి, ఎవరి మార్పు ఏ పేజీలో ఉందో అక్కడే వెయ్యండి. ఒకరి సలహా వల్ల పాఠం మొత్తం మారిందంటే రచయితల్లోనే పేరు ఉండాలి. మీ ముగ్గురు జూనియర్లవీ మీలాంటి క్లాసులే అయితే ప్రింట్‌కి ముందు ఇంకొక్కరితో, మీకు పరిచయం లేని స్కూల్లో, మీరు పక్కన లేకుండా చేయించి చూడండి. పేజీలో లేనిదాన్ని మీరు నోటితో చెప్పి సరిచేసే వీలు అక్కడ ఉండదు కాబట్టి ఇంకా ఏం రాయాల్సి ఉందో ఆ ఒక్క ట్రయల్‌లో తేలిపోతుంది.